అమలు ఖర్చు ఎవరి పద్దులో? అమెరికా సమాఖ్య ఆయుధ చట్టాలు, రాష్ట్రాల సహాయ నిరాకరణ: ఒక ఖజానా చరిత్ర

వ్యాస సంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సమాఖ్య ప్రభుత్వం చేసిన చట్టాన్ని తాము అమలు చేయబోమని రాష్ట్రాలు ప్రకటించడం కొత్త విషయం కాదు. ఈ నిరాకరణను పరిశోధకులు ఎక్కువగా హక్కుల చర్చగా, సార్వభౌమాధికార చర్చగా చదివారు. ప్రస్తుత వ్యాసం దానిని ఖజానా వైపు నుంచి పరిశీలిస్తుంది. 1789 నాటి చెరసాలల ఏర్పాటు మొదలుకొని 2021 మిస్సోరి చట్టం, దానిపై 2024లో వచ్చిన అప్పీలు తీర్పు వరకు అమలు భారం ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు ఎలా మారుతూ వచ్చిందో వివరిస్తుంది. పాత నిరాకరణలు భారాన్ని సమాఖ్య ఖజానా వైపు, అంటే పైకి నెట్టగా, మిస్సోరి చట్టం దానిలో ఒక భాగాన్ని తన సొంత పట్టణాల మీదికి, అంటే కిందికి నెట్టిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సమాఖ్య వ్యవస్థ, ఆయుధ నియంత్రణ, ప్రింట్జ్ తీర్పు, మిస్సోరి చట్టం, స్థానిక సంస్థల ఆర్థిక వ్యవస్థ, బ్రేడీ చట్టం.

1. ఉపోద్ఘాతం

2021 జూన్ 12న మిస్సోరి గవర్నర్ మైక్ పార్సన్ హౌస్ బిల్లు 85 మీద సంతకం చేశారు. సంతకానికి ఎంచుకున్న చోటు రాజధాని జెఫర్సన్ సిటీలోని కార్యాలయం కాదు, కాన్సాస్ సిటీ శివారు పట్టణం లీస్ సమ్మిట్‌లోని ఒక తుపాకుల దుకాణం. రాజ్యాంగ రెండవ సవరణ పరిరక్షణ చట్టంగా పేరుపొందిన ఆ శాసనం కొన్ని తరగతుల సమాఖ్య ఆయుధ చట్టాలను పౌరుల హక్కులకు భంగకరమైనవిగా ప్రకటించింది. తుపాకుల మీద మాత్రమే పడే ప్రత్యేక పన్నులు, ఆయుధాల నమోదు, యజమానుల నమోదు, చట్టాన్ని గౌరవించే పౌరులు ఆయుధం కలిగి ఉండకుండా చేసే నిషేధాలు, వారి నుంచి ఆయుధాల స్వాధీనం ఆ తరగతులలోకి వస్తాయి. అటువంటివి మిస్సోరిలో చెల్లవని చెప్పి శాసనం ఆగిపోలేదు. వాటి అమలుకు తెలిసి సహకరించిన అధికారిని కొలువులో ఉంచుకున్న స్థానిక సంస్థ లేదా పోలీసు విభాగం ఒక్కొక్క సంఘటనకు 50,000 డాలర్ల జరిమానా చెల్లించాలని విధించింది. ప్రభుత్వ సంస్థలకు సాధారణంగా ఉండే వ్యాజ్య రక్షణను కూడా ఈ దావాలలో తీసివేసింది.

ఆ చట్టంపై వచ్చిన రచనలలో ప్రధాన భాగం రెండవ సవరణ అర్థాన్ని గురించి, సమాఖ్య చట్టాల ఆధిక్యాన్ని గురించి సాగింది. 50,000 అనే అంకెకు దక్కవలసిన శ్రద్ధ దక్కలేదు. చట్టాన్ని అమలు చేయడమంటే ఎవరో ఒకరు జీతం తీసుకొని, వాహనంలో ఇంధనం పోసుకొని, ప్రయోగశాలలో యంత్రం నడిపి, చెరసాలలో గది కేటాయించి చేసే పని. ఆ పనిని ఒక ప్రభుత్వం మానుకున్నప్పుడు ఖర్చు మాయమవుతుందా, మరొకరి పద్దులోకి చేరుతుందా, లేక పనే ఆగిపోతుందా అన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

2. చెరసాల అద్దె

ఈ ప్రశ్న అమెరికా గణతంత్రంతో పాటే పుట్టింది. 1789లో ఏర్పడిన కొత్త సమాఖ్య ప్రభుత్వానికి న్యాయస్థానాలు ఉన్నాయి, మార్షల్ అనే అధికారులు ఉన్నారు. ఖైదీలను ఉంచడానికి చెరసాలలు లేవు. ఆ ఏడాది సెప్టెంబరు 23న కాంగ్రెస్ ఒక తీర్మానం ద్వారా రాష్ట్రాల శాసనసభలకు విన్నపం చేసింది. సమాఖ్య ఖైదీలను తమ చెరసాలలలో ఉంచుకొమ్మని కోరి, ఒక్కొక్క ఖైదీకి నెలకు 50 సెంట్ల చొప్పున ఇస్తామన్నది. ఆజ్ఞ కాదు, అభ్యర్థన. పైగా బాడుగతో కూడిన అభ్యర్థన. జార్జియా దానికి ఒప్పుకోలేదు. అప్పుడు కాంగ్రెస్ జార్జియాను శిక్షించలేదు. 1791 మార్చి 3న మరొక తీర్మానం చేసి, చెరసాల ఇవ్వని రాష్ట్రంలో మార్షల్ తాత్కాలికంగా ఒక కట్టడాన్ని అద్దెకు తీసుకోవచ్చునని అనుమతించింది. రాష్ట్రం తలుపు మూసింది, సమాఖ్య ఖజానా అద్దె కట్టింది. రెండు శతాబ్దాల తరువాత సుప్రీంకోర్టు తుపాకుల వ్యాజ్యంలో ఈ చిన్న ఉదంతాన్ని వెలికితీసి సాక్ష్యంగా వాడుకున్నది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో ఇదే సమస్య బానిసత్వం చుట్టూ తీవ్రరూపం దాల్చింది. 1842 నాటి ప్రిగ్ వర్సెస్ పెన్సిల్వేనియా వ్యాజ్యంలో న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే బాధ్యత సమాఖ్య ప్రభుత్వానిదేననీ, రాష్ట్రాల అధికారులను అందుకు నిర్బంధించడం కుదరదనీ పేర్కొన్నాడు. తీర్పు పైకి యజమానుల పక్షాన వచ్చినదే. ఉత్తర రాష్ట్రాలు మాత్రం అందులోని రెండవ మాటను అందిపుచ్చుకున్నాయి. 1843లో మసాచుసెట్స్ తన అధికారులు గాని, తన చెరసాలలు గాని ఈ పనికి ఉపయోగపడరాదని శాసనం చేసింది. దానికి సమాధానంగా 1850లో కాంగ్రెస్ ప్రత్యేక కమిషనర్లను నియమించి వారికి రుసుము నిర్ణయించింది. పట్టుబడిన వ్యక్తిని బానిసగా తిప్పి పంపితే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు. ఈ తేడా రాతపని ఎక్కువ కావడం వల్లనేనని సమర్థకులు చెప్పుకున్నారు. ఆ వివరణను నాటి వ్యతిరేకులు నమ్మలేదు, నేటి పాఠకుడికీ నమ్మబుద్ధి కాదు.

1854 వేసవిలో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే వ్యక్తిని వర్జీనియాకు తిప్పి పంపడానికి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ ప్రభుత్వం సైన్యాన్ని వీధులలో నిలిపింది. ఆ ఒక్క మనిషి తరలింపునకు 40,000 డాలర్ల వరకు ఖర్చయిందన్నది చరిత్రకారులు తరచూ పేర్కొనే అంచనా. మరుసటి ఏడాది ఆయన విమోచనకు దాతలు చెల్లించిన వెల 1,300 డాలర్లు. స్థానిక సహకారం లేని చోట ఒక చట్టాన్ని బలప్రయోగంతో నిలబెట్టడం ఎంత ఖరీదైనదో ఈ రెండు అంకెలు చెబుతాయి.

మద్యనిషేధ కాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పద్దెనిమిదవ సవరణ అమలు అధికారాన్ని కేంద్రానికి, రాష్ట్రాలకు ఉమ్మడిగా ఇచ్చింది. కాంగ్రెస్ రాష్ట్రాల పోలీసుల మీద ఆధారపడి సొంత యంత్రాంగానికి తక్కువ నిధులు కేటాయించింది. మేరీలాండ్ అసలు అమలు చట్టమే చేయలేదు. న్యూయార్క్ చేసిన చట్టాన్ని 1923లో రద్దు చేస్తూ గవర్నర్ ఆల్ స్మిత్ సంతకం పెట్టారు. ఆ దశాబ్దంలో సమాఖ్య మద్యనిషేధ విభాగపు వార్షిక వ్యయం సుమారు 44 లక్షల డాలర్ల నుంచి 1.34 కోట్ల డాలర్లకు పెరిగింది, న్యూయార్క్ సమాఖ్య న్యాయస్థానాలు మద్యం కేసులతో కిక్కిరిసిపోయాయి. పెరిగిన వ్యయం కూడా చాలలేదు.

3. బ్రేడీ చట్టం, ప్రింట్జ్ తీర్పు

తుపాకుల విషయంలో సమాఖ్య ప్రభుత్వపు తొలి పెద్ద చట్టం 1934 నాటిది, అది రూపంలో పన్ను చట్టం. మర గన్నుల మీద, శబ్దనిరోధకాల మీద 200 డాలర్ల పన్ను విధించి, చెల్లించిన వారిని నమోదు చేసే పద్ధతి పెట్టింది. వసూలు చేసేది ఖజానా శాఖ సిబ్బందే కనుక రాష్ట్రాలతో పని పడలేదు. 1968 చట్టం దుకాణదారులకు లైసెన్సులు, కొన్ని వర్గాల వారికి అమ్మకంపై నిషేధం తెచ్చింది. కొనుగోలుదారు తాను నిషిద్ధుడను కానని రాసి ఇస్తే చాలు. అది నిజమో కాదో అమ్మకానికి ముందే విచారించే యంత్రాంగం అందులో లేదు.

1993 నవంబరు 30న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన బ్రేడీ చట్టం ఆ లోటును పూరించదలచింది. దేశవ్యాప్త కంప్యూటరు వ్యవస్థ సిద్ధం కావడానికి ఐదేళ్లు పడుతుందని అంచనా వేసి, అంతవరకు స్థానిక పోలీసు ప్రధానాధికారి ప్రతి చేతితుపాకి కొనుగోలుదారు చరిత్రను ఐదు పనిదినాలలో విచారించాలని నిర్దేశించింది. ఆ విచారణకు డబ్బు మాత్రం ఇవ్వలేదు. జిల్లా మొత్తానికి కొద్దిమంది సిబ్బందితో నెట్టుకొచ్చే పశ్చిమ రాష్ట్రాల షెరీఫులకు ఇది సిద్ధాంతానికి ముందు సిబ్బంది సమస్యగా ఎదురైంది. మోంటానాలోని రవల్లీ కౌంటీ షెరీఫ్ జే ప్రింట్జ్, అరిజోనాలోని గ్రాహమ్ కౌంటీ షెరీఫ్ రిచర్డ్ మాక్ వేర్వేరుగా న్యాయస్థానానికి వెళ్లారు.

1997 జూన్ 27న సుప్రీంకోర్టు 5-4 తేడాతో షెరీఫుల పక్షాన తీర్పు చెప్పింది. సమాఖ్య ప్రభుత్వం తన కార్యక్రమాన్ని నడపడానికి రాష్ట్ర అధికారులను నిర్బంధించరాదని న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా నిర్ధారించాడు. 1992లో అణువ్యర్థాల వ్యాజ్యంలో రాష్ట్రాల శాసనసభల విషయంలో చెప్పిన సూత్రాన్నే ఇక్కడ అధికారులకు విస్తరించాడు. తీర్పులో ఒక వాదం పూర్తిగా బడ్జెట్‌కు సంబంధించినది. అమలు ఖర్చును రాష్ట్రాల మీద వేయడం వల్ల కాంగ్రెస్ సభ్యులు ఓటర్లను పన్ను అడగకుండానే సమస్యను పరిష్కరించిన కీర్తి పొందుతారని, ఆ భారమూ లోపాల నిందా మాత్రం రాష్ట్రాల వారికి మిగులుతాయని ఆయన విమర్శించాడు. 2018 నాటి మర్ఫీ తీర్పులో న్యాయమూర్తి అలిటో కూడా ఖర్చు బదిలీని అడ్డుకోవడాన్ని ఈ సిద్ధాంతపు ప్రయోజనాలలో ఒకటిగా లెక్కించాడు.

ఆంగ్లంలో ఆంటీ కమాండీరింగ్ అని పిలిచే ఈ సిద్ధాంతానికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. 'వెట్టి నిషేధ సూత్రం' అనడం సముచితంగా ఉంటుంది. తెలంగాణ గ్రామచరిత్ర ఎరిగినవారికి వెట్టి అంటే కేవలం నిర్బంధ శ్రమ కాదు. పని చేయించుకున్నవాడి లెక్కల పుస్తకంలో ఆ శ్రమ ఖర్చుగా కనబడకపోవడం దాని ప్రధాన లక్షణం. స్కాలియా అభ్యంతరం కూడా సరిగ్గా ఆ కనబడనితనం మీదనే.

విభేదించిన న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ వాదాన్ని తేలికగా తీసివేయలేము. రాష్ట్రాల సిబ్బందిని వాడుకోనివ్వకపోతే కేంద్రం తన సొంత సిబ్బందిని విపరీతంగా పెంచుకుంటుందని, రాష్ట్రాల హక్కుల పేరుతో ఇచ్చిన తీర్పు కేంద్రాన్నే బలపరుస్తుందని ఆయన హెచ్చరించాడు. ఈ ఇద్దరిలో ఎవరి ఊహ నిజమైంది?

4. క్లార్క్స్‌బర్గ్ పద్దు

సమాధానంలో ఒక భాగం వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో దొరుకుతుంది. 1998 నవంబరు 30న ఎఫ్‌బీఐ అక్కడి ప్రాంగణం నుంచి నిక్స్ అనే జాతీయ తక్షణ తనిఖీ వ్యవస్థను ప్రారంభించింది. 1999లో ఆ వ్యవస్థ ద్వారా జరిగిన తనిఖీలు సుమారు 91 లక్షలు. 2020లో సుమారు 3.97 కోట్లు. కోవిడ్ కాలపు భయాలు చివరి అంకెను పెంచాయన్నది నిజమే. పర్మిట్ల కోసం చేసిన తనిఖీలు కూడా అందులో కలిసి ఉన్నాయి. అయినా పోలిక స్పష్టం. ఐదేళ్ల కోసం షెరీఫుల నెత్తిన పెట్టిన పని శాశ్వతంగా సమాఖ్య పద్దులోకి చేరింది. ఎఫ్‌బీఐ ఈ తనిఖీకి రుసుము వసూలు చేయరాదని కాంగ్రెస్ నిధుల చట్టాలలోనే నిషేధం పెట్టింది కనుక ఆ ఖర్చు సాధారణ పన్నుదారుడిదే. తనిఖీని స్వయంగా చేపట్టిన కొన్ని రాష్ట్రాలు రుసుము తీసుకుంటాయి. పెన్సిల్వేనియాలో అది 2 డాలర్లు.

అయితే యంత్రం కేంద్రానిదైనా అందులో చేరవలసిన సమాచారం రాష్ట్రాల కచేరీలలో ఉంది. నేరనిర్ధారణలు, మానసిక వైద్యానికి సంబంధించిన న్యాయస్థానపు ఉత్తర్వులు పంపమని కేంద్రం ఆజ్ఞాపించలేదు. ప్రింట్జ్ తీర్పు నీడలో ఆ ఆజ్ఞ నిలబడదు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని చంపిన యువకుడి విషయంలో అటువంటి ఉత్తర్వు ఉండి కూడా జాతీయ జాబితాకు చేరలేదు. 2008 జనవరిలో వచ్చిన సవరణ చట్టం మార్గం మార్చింది. రికార్డులు పంపే రాష్ట్రాలకు గ్రాంటులు, పంపని రాష్ట్రాలకు పోలీసు సహాయ నిధుల్లో స్వల్ప కోత. 1789 నాటి 50 సెంట్ల పద్ధతికి ఇది ఆధునిక రూపం. ఆజ్ఞాపించలేనిది కొనవలసి వచ్చింది.

ఇక్కడ ఒక వైచిత్రి గమనించదగినది. తనిఖీ వ్యవస్థ క్లార్క్స్‌బర్గ్‌లోనూ, నేరాలలో వాడిన తుపాకుల ఆచూకీ తీసే సమాఖ్య కేంద్రం మార్టిన్స్‌బర్గ్‌లోనూ ఉన్నాయి. రెండూ వెస్ట్ వర్జీనియా పట్టణాలే. సెనేట్ నిధుల సంఘానికి చాలాకాలం అధ్యక్షత వహించిన రాబర్ట్ బర్డ్ తన రాష్ట్రానికి సమాఖ్య కార్యాలయాలను రప్పించడంలో సిద్ధహస్తుడు. అదే వెస్ట్ వర్జీనియా 2021లో సమాఖ్య ఆయుధ చట్టాల అమలుకు తన పోలీసుల సహకారాన్ని పరిమితం చేస్తూ శాసనం చేసింది. అమలు ఉద్యోగాలు కావాలి, అమలు మాత్రం వద్దు.

5. భారత రాజ్యాంగంలో పోలిక

ఈ ప్రశ్నకు భారత రాజ్యాంగం వేరే దారిలో జవాబిచ్చింది. ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలోని ఐదవ అంశం. 1959 ఆయుధ చట్టం పార్లమెంటుది. లైసెన్సు ఇచ్చేది మాత్రం సాధారణంగా జిల్లా మేజిస్ట్రేటు, లేదా పోలీసు కమిషనరు. అంటే అమలు రాష్ట్ర సిబ్బందిదే. రాష్ట్రాలు తమ అధికారాన్ని పార్లమెంటు చట్టాలకు అనుగుణంగా వినియోగించాలని 256వ అధికరణం స్పష్టంగా చెబుతుంది, అవసరమైన ఆదేశాలు కేంద్రం ఇవ్వవచ్చు. ప్రింట్జ్ వంటి తీర్పుకు ఇక్కడ తావు లేదు. కానీ 258వ అధికరణం మూడవ ఖండం ఖర్చు సంగతి మరవలేదు. ఆ అధికరణం కింద రాష్ట్రానికి అప్పగించిన విధుల వల్ల కలిగే అదనపు పరిపాలనా వ్యయాన్ని కేంద్రం చెల్లించాలి. మొత్తంపై ఒప్పందం కుదరకపోతే భారత ప్రధాన న్యాయమూర్తి నియమించిన మధ్యవర్తి నిర్ణయిస్తాడు. ఈ ఖండాన్ని రాజ్యాంగ పాఠాలలో ఎవరూ ఎక్కువగా పట్టించుకోరు. అమెరికా చరిత్ర పక్కన పెట్టి చదివితే దాని విలువ తెలుస్తుంది.

సహకార నిరాకరణ మన అనుభవంలో లేకపోలేదు. సీబీఐ దర్యాప్తులకు ఇచ్చిన సాధారణ సమ్మతిని ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఉపసంహరించి 2019లో పునరుద్ధరించింది. తెలంగాణ 2022లో ఉపసంహరించింది. ఆ అధికారం 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టం ఆరవ సెక్షన్ ఇచ్చినదే తప్ప రాజ్యాంగం ఇచ్చిన సార్వభౌమ హక్కు కాదు. కనుక పోలికను అంతకు మించి లాగడం సరికాదు.

6. కాన్సాస్, మిస్సోరి: కిందికి దిగిన భారం

2013లో కాన్సాస్ తన సరిహద్దుల లోపలే తయారై, లోపలే ఉండిపోయే ఆయుధాలకు సమాఖ్య చట్టం వర్తించదని శాసనం చేసింది. చనూట్ పట్టణంలోని ఒక దుకాణదారు ఆ మాటను నమ్మి శబ్దనిరోధకాలు తయారుచేసి అమ్మాడు, ఒక మాజీ సైనికుడు కొన్నాడు. రాష్ట్ర శాసన ప్రతిని దుకాణంలో అందుబాటులో ఉంచేంతగా నమ్మకం. సమాఖ్య న్యాయస్థానంలో 2016లో ఇద్దరూ దోషులుగా తేలారు. 2018లో అప్పీలు న్యాయస్థానం శిక్షలను ఖరారు చేస్తూ 1934 చట్టాన్ని పన్ను విధించే అధికారం కింద సమర్థించింది, 2019లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. రాష్ట్రం చేసిన వాగ్దానపు ఖర్చు ఇక్కడ ఇద్దరు వ్యక్తుల నేరచరిత్రలో నమోదైంది. వారిని పట్టించిన 200 డాలర్ల పన్నును శబ్దనిరోధకాల విషయంలో 2025 జూలైలో కాంగ్రెస్సే సున్నాకు తగ్గించింది. అది 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చేటట్లు నిర్ణయించింది. పన్నును తొలగించే అధికారం మొదటినుంచీ ఎక్కడ ఉన్నదో ఆ సవరణ చూపుతుంది.

మిస్సోరి కూడా 2013లోనే ప్రయత్నించింది. నాటి గవర్నర్ జే నిక్సన్ తిరస్కరించిన బిల్లును మళ్లీ నెగ్గించడానికి సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువైంది. 2021 నాటికి సభల బలాబలాలు మారాయి, వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు మారాడు. ఆ ఏడాది ఇతర రాష్ట్రాలు చేసిన చట్టాలతో పోల్చినపుడు మిస్సోరి మార్గపు విశిష్టత కనిపిస్తుంది. ఉదాహరణకు టెక్సాస్, సమాఖ్య ఆయుధ నిబంధనల అమలును విధానంగా స్వీకరించిన స్థానిక సంస్థలకు రాష్ట్ర గ్రాంటులు ఆపుతామన్నది. అది తాను ఇచ్చే డబ్బు మీద పెట్టిన షరతు. మిస్సోరి స్థానిక సంస్థల సొంత డబ్బు మీద చేయి వేసింది, ఆ చేతిని కూడా ప్రైవేటు వ్యాజ్యదారుకు అప్పగించింది. నష్టపోయిన వ్యక్తి దావా వేయవచ్చు. గెలిస్తే జరిమానాతో పాటు న్యాయవాది ఖర్చులూ నగరం మీద పడతాయి. గతంలో సమాఖ్య అధికారిగా ఈ చట్టాలను అమలు చేసిన వ్యక్తిని తరువాత ఉద్యోగంలోకి తీసుకున్నా విభాగానికి అదే 50,000 జరిమానా.

నలుగురైదుగురు పోలీసులున్న చిన్న పట్టణానికి ఈ మొత్తం దాదాపు ఒక అధికారి ఏడాది జీతం. దావా ఓడితే ఒక ఉద్యోగం పోయినట్టే. దావా నెగ్గినా న్యాయవాది ఖర్చు తప్పదు. అటువంటి పట్టణపు పోలీసు అధిపతి శాసనంలోని మినహాయింపులను సూక్ష్మంగా చదివి సాహసించడం కంటే సమాఖ్య సంస్థల ఫోను ఎత్తకపోవడమే క్షేమమనుకుంటే ఆశ్చర్యం లేదు. ఓ'ఫాలన్ నగర పోలీసు అధిపతి చట్టం వచ్చిన నెలలోనే రాజీనామా చేశారు. తుపాకి హక్కులకు తాను వ్యతిరేకి కాననీ, ఈ చట్టపు అస్పష్ట పదజాలం పోలీసులను వ్యాజ్యాలకు గురిచేస్తుందనీ ఆయన వాదన.

తరువాత జరిగినదానికి న్యాయస్థానపు పత్రాలు సాక్ష్యం. మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాల నియంత్రణ చూసే ఏటీఎఫ్ సంస్థ మిస్సోరిలో ఉమ్మడి దర్యాప్తు బృందాలను నడిపేది. ఆ సంస్థకు దేశమంతటా ఉన్న ప్రత్యేక దర్యాప్తు అధికారులు సుమారు 2,500 మంది. ఒక పెద్ద నగరపు పోలీసు శాఖకన్నా తక్కువ. అందుకే స్థానిక పోలీసులకు సమాఖ్య అధికారపత్రం ఇచ్చి కలిసి పనిచేయించుకుంటుంది, ఆ అధికారుల అదనపు గంటల వేతనాన్ని తాను భరిస్తుంది. చట్టం వచ్చాక ఆ బృందాలలోని 53 మంది రాష్ట్ర, స్థానిక అధికారులలో 12 మంది తప్పుకున్నారని సమాఖ్య ప్రభుత్వం న్యాయస్థానానికి నివేదించింది. నేరస్థలంలో దొరికిన తూటా తొడుగుల గుర్తులను పోల్చే నైబిన్ వ్యవస్థలో పాల్గొనడానికీ కొన్ని విభాగాలు వెనుకాడాయి. నైబిన్ యంత్రాంగం సమాఖ్య ప్రభుత్వం సమకూర్చినది. స్థానిక పోలీసుకు అది దాదాపు ఉచితంగా లభించే సహాయం, హత్యల దర్యాప్తులో విలువైనది. సెయింట్ లూయిస్ నగరంలో 2020లో 263 హత్యలు జరిగాయి.

మసాచుసెట్స్‌తోనూ, న్యూయార్క్‌తోనూ మిస్సోరి తేడా ఇక్కడే ఉంది. 1843లో మసాచుసెట్స్ తన చెరసాల గదులను ఆదా చేసుకున్నది, భారం సమాఖ్య సైన్యానికి పోయింది. 1923లో న్యూయార్క్ తన పోలీసుల సమయాన్ని ఆదా చేసుకున్నది, భారం సమాఖ్య న్యాయస్థానాలకు పోయింది. 2021లో మిస్సోరి రాష్ట్ర ఖజానాకు చెప్పుకోదగిన ఆదా లేదు. పోయినవి స్థానిక విభాగాలకు సమాఖ్య ప్రభుత్వం నుంచి వస్తున్న అదనపు వేతనాలు, యంత్రాలు, దర్యాప్తు సమాచారం. వచ్చినవి జరిమానా భయం, న్యాయవాదుల బిల్లులు. 1980లో మిస్సోరి ఓటర్లు ఆమోదించిన హాంకాక్ సవరణ, నిధులు ఇవ్వకుండా స్థానిక సంస్థల మీద రాష్ట్రం కొత్త పనులు మోపరాదని రాజ్యాంగంలోనే రాసింది. పని మోపడానికి డబ్బివ్వవలసిన రాష్ట్రం, పని మానిపించడానికి డబ్బు గుంజుకునే ఏర్పాటు చేసింది. సవరణ అక్షరానికి ఇది విరుద్ధమా కాదా అన్నది న్యాయశాస్త్రవేత్తల చర్చ. దాని ఉద్దేశానికి మాత్రం పొసగదు.

ఈ ఖర్చు లెక్క తేలకపోవడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. అమెరికా శాసనసభలు ప్రతి బిల్లుకూ ఆర్థిక ప్రభావ పత్రం తయారుచేయిస్తాయి. మిస్సోరిలో ఆ పని శాసన పర్యవేక్షణ విభాగానిది. అటువంటి పత్రం ఒక కొత్త ఉద్యోగానికి జీతం ఎంతో చెప్పగలదు. తప్పుకున్న 12 మంది వల్ల ఏ కేసు ఆగిపోయిందో, పోల్చకుండా వదిలేసిన తూటా తొడుగు ఏ హంతకుణ్ణి చూపించి ఉండేదో చెప్పడానికి అందులో గడి లేదు. జరగని పనికి పద్దు ఉండదు. విధానవేత్తలు ఈ ఖాళీని 'ఖర్చు లేదు' అని చదివే అలవాటు ఎక్కువగా కనిపిస్తుంది. అది సరికాదు.

న్యాయపోరాటం కూడా ఖర్చే, అదీ ప్రజాధనంతో రెండు వైపులా. సెయింట్ లూయిస్ నగరం, సెయింట్ లూయిస్ కౌంటీ, జాక్సన్ కౌంటీ రాష్ట్రం మీద వ్యాజ్యం వేశాయి. కింది న్యాయస్థానం తోసిపుచ్చిన ఆ వ్యాజ్యాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తిరిగి నిలబెట్టింది. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి 16న సమాఖ్య న్యాయశాఖ స్వయంగా దావా వేసింది. 2023 మార్చి 7న జిల్లా న్యాయమూర్తి బ్రయన్ వైమ్స్ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. ఆ తీర్పుపై స్టే ఇవ్వడానికి 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు నిరాకరించింది, న్యాయమూర్తి థామస్ ఒక్కరే స్టే ఇచ్చి ఉండేవాడినన్నారు. 2024 ఆగస్టు 26న ఎనిమిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం కింది తీర్పును ధ్రువీకరించింది.

అప్పీలు తీర్పు ఖజానా దృష్టితో చదవదగినది. రాష్ట్రం తన మనుషులను, తన డబ్బును సమాఖ్య అమలు నుంచి ఉపసంహరించుకోవచ్చునన్న ప్రింట్జ్ సూత్రాన్ని న్యాయస్థానం తాకలేదు. మిస్సోరి అంతటితో ఆగకుండా సమాఖ్య చట్టాలే చెల్లవని ప్రకటించి, ఆ ప్రకటన మీదనే జరిమానాల కట్టడాన్ని నిలబెట్టడం తప్పన్నది. పునాది పోయాక పైనున్న 50,000 కూడా పోయింది. వలసదారుల విషయంలో కాలిఫోర్నియా ఇదే ప్రింట్జ్ సూత్రాన్ని ఆశ్రయించి, తన పోలీసులు సమాఖ్య వలస అధికారులకు సహకరించడాన్ని పరిమితం చేసింది. ఆ రాష్ట్రం సమాఖ్య వలస చట్టాన్ని చెల్లదనలేదు, తన వనరుల సంగతి మాత్రమే చెప్పింది. 2019లో తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం ఆ చట్టంలోని ప్రధాన భాగాన్ని నిలిపింది. ఆ నమూనాలో చూస్తే మిస్సోరి శాసనసభకు దారి మూసుకుపోలేదు. సమాఖ్య చట్టం చెల్లుబాటు ఊసెత్తకుండా, రాష్ట్ర ఉద్యోగుల సమయం, రాష్ట్ర నిధులు ఈ పనికి ఖర్చు కారాదని రాస్తే ఆ పరిమితిని ప్రింట్జ్ సూత్రమే కాపాడుతుంది. అటువంటి బిల్లు సభ ముందుకు వచ్చిన రోజున లీస్ సమ్మిట్, ఓ'ఫాలన్ వంటి పట్టణాల కోశాధికారులు అందులో మొదట వెతికేది జరిమానా సెక్షన్ ఉన్నదా లేదా అని, ఆ తరువాత ఉమ్మడి బృందాలకు వచ్చే అదనపు వేతనం ఏమవుతుందని.